పిల్లికూన ఆకలియు ఆటయు

ఈ నెల మాకు అందిన జాబులలో ఒకటి ఆళ్లగడ్డనుండి వచ్చినది. వ్రాసిన సోదరి పుట్టినిల్లు నంద్యాల, మెట్టినిల్లు ఆళ్లగడ్డ. జాబు చిన్నదే గాని అందలి ప్రశ్న చిన్నది కాదు. ఇట్టిది పెక్కు గృహములలో జరుగుచుండుటచే, ఆమె యనుమతితో, పేరు తెలుపక, ఈ పుటలో బదులు వ్రాయుచున్నాము.

సంగతి యిది. వేసవి తొలినాళ్లలో ఆమె పుట్టింటికి పోయినప్పుడు కట్టెల కొట్టములో మూడు పిల్లికూనలు అఱచుచుండుట వినవచ్చినది. వాని కన్నులు అప్పుడప్పుడే విచ్చుచున్నవి. ప్రొద్దుటినుండి తల్లిపిల్లి ఎవరికిని కానరాలేదు. జాలిపడి సాయంకాలము వానిని బుట్టలో పెట్టుకొని, బస్సులో సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఆళ్లగడ్డకు తీసికొనిపోయినది. ఆవుపాలలో సగము నీరు కలిపి, ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, దూదితో నోటిలో పిండినది. మూడవనాటికి విరేచనములు పట్టుకొన్నవి. నాలుగవనాడొకటి, ఐదవనాడొకటి పోయినవి. మిగిలిన కూన బ్రదికి, రెండున్నర నెలలదై, పెరుగన్నము పాలన్నము తినుచు ఇల్లంతయు తిరుగుచున్నది. ఇప్పుడది తలుపు చాటున పొంచి, నడచువారి పాదములపై దూకుచున్నదట. మొన్న ఐదేండ్ల కుమారుని చేతిని నెత్తురు వచ్చునట్లు కొఱికినదట. "దీనికి అడవిబుద్ధి పుట్టినది, సంతలో విడిచి రమ్ము" అని అత్తగారి ఆజ్ఞ. ఆ సోదరి మమ్ము అడిగినవి మూడు మాటలు: దీనికి నిజముగా క్రూరబుద్ధి పుట్టినదా? దీనికేమి పెట్టవలెను? ఆ రెండింటిని నేనే చంపితినా?

బాలుని గాయముపై పసుపును సున్నమును అద్దితిమని ఆమె వ్రాసినది. ఆ విషయము ఈ సంచిక వెలువడువఱకు ఆగదగినది కాకపోవుటచే ఆనాడే ఆమెకు జాబు వ్రాసితిమి. తక్కిన సోదరీమణులకును దానినే మొదట చెప్పుచున్నాము. పిల్లి కొఱికినను, నెత్తురు వచ్చునట్లు గీరినను, ఆ చోటును సబ్బుతో, ధారగా పాఱు నీటిలో, 15 నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, ఆకుపసరు ఏవియు పూయరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా విషయము వైద్యుని అడుగవలెను. ఆ జబ్బు కుక్కలవలననే వచ్చునని మనవారి నమ్మకము, పిల్లివలనను రాగలదు. ఒకసారి లక్షణములు పొడచూపిన పిమ్మట దానికి మందు లేదు. కూన చిన్నదనియు, ఇంటిదనియు తాత్సారము చేయరాదు.

ఇక ఆమె కడపటి ప్రశ్న. ఆ రెండు కూనలు ఏ కారణమున పోయినవో దూరమునుండి మేము నిశ్చయించి చెప్పలేము. ఆ ప్రాయపు కూనలు తల్లియొద్ద నున్నను కొన్ని పోవుచుండును. అయినను, ఎక్కువగా ప్రాణము తీయు పొరపాట్లు ఏవో తెలిసియే యున్నవి. వానిలో మూడు ఈ జాబులో కనబడుచున్నవి. దోషము మోపుటకు గాదు, మఱియొక యింట మఱియొక కూన బ్రదుకుటకై వానిని వివరించెదము.

మొదటిది, పాలు. ఆవుపాలు దూడకొఱకు పుట్టినవి. 100 గ్రాముల ఆవుపాలలో మాంసకృత్తులు 3 గ్రాములకు కొంచెము ఎక్కువగా నుండును. పిల్లిపాలలో దాదాపు దానికి రెట్టింపో, అంతకు మించియో ఉండును. కొవ్వును పిల్లిపాలలోనే హెచ్చు. ఆవుపాలకు నీరు చేర్చినచో ఉన్న బలమును సగమగును. కడుపు నిండినట్లుండి కూన ఆకలితోనే కృశించును. ఆవుపాలలోని చక్కెరను దాని కడుపు ఓర్వలేక విరేచనము లగును. గుప్పెడంత దేహములో ఉన్న నీరు ఒకటి రెండు దినములలో ఇంకిపోవును. పట్టణములలో పెంపుడు జంతువుల సామానులమ్ము అంగళ్లయందు పిల్లికూనలకై చేసిన పాలపొడి దొరకును. దానినే, డబ్బాపై వ్రాసిన కొలత తప్పక, కలుపవలెను.

రెండవది, పట్టిన తీరు. మన శిశువును వలె కూనను వెల్లకిల పరుండబెట్టినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. తల్లియొద్ద అది బోర్ల పరుండి, తల కొంచెమెత్తి త్రాగును. మనమును గుడ్డపై బోర్ల నుంచి, చిన్న పాలపీకతో గాని, సూది తీసివేసిన సిరంజితో గాని, చుక్క చుక్కగా, అది చీకినకొలది ఇయ్యవలెను.

మూడవది, చలి. నంద్యాల యెండలలో చలి యేమని నవ్వకుడు. పుట్టిన మొదటి వారములలో కూనకు తన దేహపు వేడిని తాను నిలుపుకొను శక్తి లేదు. తల్లి కడుపే దానికి కుంపటి. బస్సు గాలిలో, తడిసిన గుడ్డలో, రాత్రి రాతినేలపై అది చల్లబడును. చల్లబడిన కూనకు పాలు అరుగవు. మొదట గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన నుంచి వెచ్చజేసి, పిమ్మటనే పాలు పట్టవలెను.

వీనితో పాటు తల్లి చేయు పని యింకొకటి యున్నది. మూడు వారములవఱకు కూన తనంత తాను మలమూత్రములు విడువజాలదు. తల్లి నాకుటచేతనే విడుచును. ప్రతిసారి పాలు పట్టిన పిదప వెచ్చని నీట ముంచిన దూదితో తోకక్రింద మెల్లగా తుడువవలెను. ఈ సంగతి తెలియక ఎన్ని యిండ్లలో కూనలు కడుపుబ్బి పోవుచున్నవో!

ఇంతకును ఆ తల్లిపిల్లి ఏమైనది? మన పెద్దలు "పిల్లి పిల్లలను ఏడిండ్లు త్రిప్పినట్లు" అందురు. ఆ సామెత చూచి చెప్పిన సామెత. తావు నచ్చనప్పుడో, అలికిడి యెక్కువైనప్పుడో, తల్లి ఒక్కొక్క కూనను మెడపట్టి కొత్తచోటికి చేర్చును. మధ్యలో ఆహారమునకు పోవును. ప్రొద్దుటినుండి కానరానంతనే అది విడిచిపోయినదని తలంపరాదు. కూనలు పొట్ట నిండి, పొడిగా, నిదురించుచున్నచో తల్లి దగ్గఱలో నున్నట్లే. దూరముగా నిలిచి, వాని చుట్టును కొంచెము పిండి చల్లి, అడుగుజాడలు పడునేమో కొన్ని గంటలు చూడవలెను. కూనలు చల్లబడి, మురికిపడి, ఎడతెగక ఏడ్చుచున్నప్పుడును, కుక్కలవలన భయమున్నప్పుడును మాత్రమే చేయి వేయవలెను.

మన నంద్యాల జిల్లాలోనే యిందుకు పెద్ద యుదాహరణము జరిగినది. 2023 మార్చిలో కొత్తపల్లె మండలమందలి పెద్దగుమ్మడాపురము చెంత నాలుగు పులికూనలు తల్లిని వీడి ఊరివారి కంటబడినవి. అటవీశాఖవారు తల్లిపులి జాడ వెదకి, కూనలను దానియొద్దకు చేర్చవలెనని అడవిలో రాత్రులు కాచిరి. ఆ యత్నము ఫలింపలేదు. కూనలను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు తరలింపవలసి వచ్చినది. పులికూన యైనను పిల్లికూన యైనను ఒక్క కుటుంబములోనివే. అంతటి శాఖవారు మొదట చేసిన పని తల్లికొఱకు కాచుట. కట్టెల కొట్టము ముందఱ మనమును ఆ పనియే చేయవలెను. ఈ నియమము ఆ సోదరి కెవరును చెప్పియుండలేదు. తెలియక, జాలితో చేసిన దానిని హత్య యనరాదు. అమ్మా, ఆ మాటను నీ నోట మఱి రానీయకుము. ఆమె రాత్రులు మేల్కొని పట్టినందుననే మూడవది నేడు పాదములపై దూకుచున్నది.

ఇప్పుడు రెండవ ప్రశ్న: ఏమి పెట్టవలెను?

మొదటి రెండు వారములలో పాలు రెండు మూడు గంటలకొకసారి, రాత్రియు పగలును. మూడు, నాలుగు వారములలో నాలుగైదు గంటలకొకసారి. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములుండును. దినమునకు 10 గ్రాములకు తగ్గకుండ పెరుగవలెను. వంటింటి త్రాసులో ప్రతి ఉదయము తూచి గోడమీద వ్రాసికొన్నచో, ఏడుపు వినకమునుపే లోపము తెలియును. నాలుగవ వారమున పండ్లు వచ్చుచుండగా, పాలలో నానిన మెత్తని ఆహారమును వెడల్పు పళ్లెములో చూపవలెను. నీటిని వేఱుగా నుంచవలెను. ఎనిమిది వారములకు పాలు మానిపించవచ్చును. అటుపిమ్మట ఆఱు నెలలవఱకు దినమునకు మూడు నాలుగుసార్లు కొంచెము కొంచెముగా పెట్టవలెను. దాని కడుపు చిన్నది, పరుగు పెద్దది. ఒక్క పూట నిండుగా పెట్టి మఱునాటివఱకు ఆగుమనుట చెల్లదు.

పాల వేడిమిని గూర్చి ఒక మాట. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ వినని యిల్లు మనలో లేదు. రాయలవారు పిల్లిని, దాని పాలకై ఆవును ఇయ్యగా, రామకృష్ణుడు మొదటనే కాగిన పాలు పెట్టెననియు, మూతి కాలిన పిల్లి మఱి పాలగిన్నె చూచినంతనే పాఱిపోయెననియు చెప్పుకొందుము. కథలో నవ్వున్నను సంగతి నిజము: ఒకసారి నోరు కాలిన కూన గిన్నెను నమ్మదు. మణికట్టు లోపలిప్రక్క చుక్క వేసికొని, వేడియు చల్లయు తోపనప్పుడే పట్టవలెను. పిల్లికి ఆవుపాలే ఆహారమను తలంపు మనలో ఎంత పాతదో కూడ ఆ కథవలన తెలియుచున్నది.

"మా యవ్వగారి పిల్లి పెరుగన్నముతోనే పన్నెండేండ్లు బ్రదికినది" అని కొందఱనవచ్చును. ఆ పిల్లి పగలు మన పెరుగన్నము తిని, రాత్రి గాదెల చుట్టును ఎలుకలను తినెడిది. దాని ప్రాణము నిలిపినది ఆ రెండవ భోజనము. మాంసములో టారీన్ అను పదార్థమొకటి యున్నది. అది చాలనిచో పిల్లికి చూపు మందగించును, గుండె చెడును. ధాన్యములలో, కాయగూరలలో అది లేదు. మనకు క్యారెట్టువంటి వానినుండి లభించు ఏ విటమినును కూడ పిల్లి దేహము ఆ విధముగా చేసికొనజాలదు. తలుపులు మూసిన యింట, ఎలుక దొరకని కూనకు పెరుగన్నము మాత్రమే పెట్టుట దానిని మెల్లగా పస్తుంచుటయే.

ఆ సోదరి ఇల్లు మాంసము ముట్టని యిల్లు. ఇది కష్టమైన చోటు; దాచి చెప్పుటవలన మేలు లేదు. పిల్లికూనల కనియే వ్రాసి యమ్ము సంపూర్ణాహారపు పొట్లములు దొరకును. వానిలో మాంసముండును గాని, వండుట, కోయుట అక్కఱ లేదు. పెరటి వసారాలో వేఱు గిన్నెతో సరిపుచ్చుకొనవచ్చును. అదియు కూడనిచో, మాంసము తిను ఇంటివారిలో మంచివారిని చూచి కూనను ఇచ్చివేయుటయే దానికి మేలు. తినువారింట ఉప్పు కారము లేక ఉడికించి, ఎముక తీసిన కోడిమాంసమును, చేపముక్కను, ఉడికిన గ్రుడ్డును పొట్లపు ఆహారమునకు తోడుగా పెట్టవచ్చును. కొత్త ఆహారమును ఒక్కసారిగా మార్చక, వారము దినములలో పాతదానితో కొంచెము కొంచెముగా కలిపి మార్చవలెను. వేసవిలో మిగిలినదానిని గంట దాటకుండ తీసివేయవలెను. 40 డిగ్రీలు దాటు మన యెండలలో అది శీఘ్రముగా పులియును.

ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, చారు పిల్లికి విషము, నెత్తురు చెడును. మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్ల ఒక్కటియే దాని ప్రాణము తీయును. ఫినాయిలు తుడిచిన నేలపై నడచి పాదములు నాకుకొన్నను ప్రమాదమే.

ఇక మొదటి ప్రశ్న. కూనకు పుట్టినది క్రూరబుద్ధి కాదు. దాని ఆట దాని చదువు. నాలుగవ వారమునుండి తోబుట్టువులతో కుస్తీ పట్టును. ఏడెనిమిది వారములనుండి కదలు వస్తువుల వెంట పడును. పొంచుట, వెనుకకాళ్లు కదల్చి గుఱి చూచుట, దూకుట, మెడ పట్టుట: ఇవన్నియు వేట పాఠములు. తల్లి మొదట చచ్చిన ఎలుకను, పిమ్మట ప్రాణమున్న దానిని తెచ్చి కూనల ముందు విడుచును. "పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకట" మని మనము పిల్లిని నిందింతుము. ఆ చెలగాటములో భయమును కలదు: ఎలుక కొఱుకునేమో యని వెనుదీయుచు, కొట్టుచు, అలసట పుట్టించి పట్టును.

ఈ చదువులో ముఖ్యమైన పాఠము ఎంత గట్టిగా కొఱుకవలెనో తెలియుట. తోబుట్టువును గట్టిగా కొఱికినచో అది కీచుమని ఆట మానును; తల్లిని కొఱికినచో తల్లి మొట్టును. ఈ కూనకు తోబుట్టువులు పోయినవి, తల్లి లేదు. పాఠము చెప్పువారు లేక అది మన పాదములతో, బాలుని చేతితో చదువుకొనుచున్నది. అది అడవిది యగుటచేత గాక, ఒంటరిది యగుటచేత కొఱుకుచున్నది.

కావున ఆ గురుత్వమును ఇంటివారు వహింపవలెను. చేతివ్రేళ్లను ఆటవస్తువులుగా ఎన్నడు చూపరాదు. కఱ్ఱకు గుడ్డపీలిక కట్టి నేలమీద ఎలుకవలె ఈడ్చుడు. కాగితపు ఉండ దొర్లింపుడు. ఉదయము, సంధ్యవేళ పిల్లిజాతికి చుఱుకుదనము హెచ్చు. అత్తగారు సంధ్యాదీపము వెలిగించువేళ అది ఇల్లెక్కి దూకుట యందువలననే. ఆ వేళలకు ముందే పది నిమిషములు ఆడించి, తుదకు పీలికను పట్టుకొననిచ్చి, వెంటనే ఆహారము పెట్టుడు. వేట, పట్టు, భోజనము, నిద్ర: ఇది దాని దినచర్య. ఈ వరుస కుదిరినచో పాదములపై దూకుట చాలవఱకు తగ్గును.

కొఱికినప్పుడు చేతిని లాగికొనరాదు; పాఱిపోవు ఎలుక యనుకొని యింకను పట్టును. చేయి కదల్పక, అది విడిచినంతనే లేచి ఆవలికి పొండు. ఆట ముగిసినదను శిక్షయే దానికి చాలును. కొట్టినచో మనుష్యుని చేయి శత్రువని నేర్చుకొనును.

ఆటకును కోపమునకును గుర్తులు వేఱు. వీపు విల్లువలె వంచి ప్రక్కప్రక్కకు గంతులు వేయుట ఆట. తోక నిలువున నెత్తి వచ్చుట స్నేహము. ముందుకాళ్లతో ఒడిని పిసుకుట పాలు త్రాగిననాటి అలవాటు. చెవులు వెనుకకు అణచి, బుస్సుమని, ముడుచుకొని యున్నచో అది భయము, అప్పుడు ముట్టరాదు. పొట్ట చూపి వెల్లకిల పొరలుట నిమురుమని పిలుపు కాదు. బాలుడు పొరపడునది తఱచు ఇచ్చటనే. ఈ గుర్తులు వానికి నేర్పుడు. ఐదేండ్లవానికి ఇది కథవలెనే రుచించును. అంతవఱకు ఇద్దఱిని ఒంటరిగా విడువరాదు.

ఆటలో దారమును మాత్రము దూరముగా నుంచవలెను. కుట్టుదారము, మల్లెపూలు కట్టిన దారము కూన మ్రింగినచో ప్రేగులను కోయగలదు. తోకక్రింద దారపుకొన కనబడినను లాగరాదు, పశువైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. నులిపురుగుల మందు, ఈ ప్రాయమున మొదలిడవలసిన అంటురోగపు టీకాలు, మూడు నెలలు నిండినంతనే రేబిస్ టీకా, వీనిని గూర్చి ఆ వైద్యునే అడుగుడు.

సంతలో విడుచుట మాట. ఇంటి పాలు త్రాగి పెరిగిన కూనకు సంతలో తిండి వెదకుట తెలియదు, కుక్కలను తప్పించుకొనుట తెలియదు. విడుచుట యనగా చంపుటయే. అత్తగారు మనుమని చేతి నెత్తురు చూచి ఆ మాట యనిరి. వారి భయము న్యాయమైనది. వారితో వాదింపక, ఒక్క నెల గడువు అడుగుమని ఆ సోదరికి మా సలహా. వేళకు ఆహారము, రెండుపూటల ఆట, బాలునికి టీకా, కూనకు వైద్యము: ఈ నాలుగును జరిపి చూడవలెను. నెల గడచినను కుదురనిచో తగిన యిల్లు వెదకి ఇయ్యవచ్చును.

సోదరీ, దాని బరువును, కొఱికిన దినములను ఒక కాగితముమీద వ్రాసియుంచి, నెల నిండగానే మాకు పంపుము. ఇట్టి అనుభవమున్న తక్కిన సోదరీమణులును వ్రాసినచో, రాబోవు సంచికలో చోటు కల్పించెదము.